అక్క చదవని వార్తలు

ప్రింటింగ్ ప్రెస్ వెనక గది,
వానలు మొదలైన వారం

మావయ్యా,

అబద్ధం అచ్చయింది. అచ్చేసింది నువ్వు.

కుశలప్రశ్నలు తర్వాత. అమ్మ బాగానే ఉంది, నేను బాగా లేను. నిన్న ఊళ్ల రేడియో వార్తల కోసమే నువ్వు నడిపే సైటు ‘వినికిడి’లో మా ఊరి రేడియో స్టేషన్ గురించి నాలుగు లైన్లు చూశాను. “ఉదయం వార్తలు చదివే సీనియర్ న్యూస్‌రీడర్ విశ్రాంతి కోరి స్వచ్ఛందంగా తప్పుకున్నారు. యాజమాన్యం ఆమెకు శుభాకాంక్షలు తెలిపింది.” స్వచ్ఛందంగానా? సోమవారం పొద్దున వార్తలక్కను గేటు దగ్గరే ఆపేశారు. వాచ్‌మన్ మొహం పక్కకు తిప్పుకుని, “లోపలికి పంపొద్దన్నారమ్మా” అన్నాడట.

ఊళ్లో అందరూ ఆవిడను వార్తలక్క అనే పిలుస్తారు, అసలు పేరు పోస్ట్‌మాన్‌కు కూడా గుర్తుండదు. పిల్లలు బడికి తయారయ్యేది ఆవిడ గొంతు విని, కొట్ల షట్టర్లు లేచేది ఆవిడ గొంతు విని. అలాంటి మనిషి కళ్లద్దాల పెట్టెనూ నీళ్ల సీసానూ ప్లాస్టిక్ సంచిలో వేసి గేటు సందులోంచి అందించారు. చేసిన నేరమేమిటంటే, స్టేషన్‌ను కొన్న కంపెనీ రేపటి వార్తలు ఇవాళ సాయంత్రమే రికార్డు చేసి వెళ్లమంది, ఆవిడ కుదరదంది. “రేపు ఏం జరుగుతుందో నాకెలా తెలుసు బాబూ? నేను వార్తలు చదివేదాన్ని, జాతకాలు చెప్పేదాన్ని కాదు” అందట. ఇదంతా లోపల పనిచేసే టెక్నీషియన్, మా తీగల బాబాయి, కళ్లారా చూసి చెప్పాడు.

ఇంకో ఘోరం చెప్పనా? నువ్వు రాసింది ఆవిడ చూడనేలేదు. ‘వినికిడి’ చందా స్టేషన్ కట్టేది కాబట్టి ఉద్యోగంతో పాటే పాస్‌వర్డూ పోయింది. తన ఉద్యోగం పోయిన వార్త తాను చదువుకోవాలంటే ఆవిడ నీకు కొత్తగా చందా కట్టాలి! ఇది ఏ లోకపు న్యాయం మావయ్యా?

నేను కాలేజీ గడప తొక్కినదాన్ని కాదు, ప్రెస్‌లో కరపత్రాలు మడతపెడుతూ చదువుకున్నదాన్ని. కానీ గొంతు గురించి రాసేముందు ఆ గొంతు వినాలని నాకు నేర్పింది నువ్వే. ఎవరిని తీసేశారన్నా, ఎవరు మానేశారన్నా, ఆ మనిషికి ఫోన్ చేసి, వాళ్ల నోటితో విన్నాకే రాయాలి, అదే ‘వినికిడి’ పద్ధతి అనేవాడివి. ఊరికో ‘చెవి’ ఉండాలని నన్ను మా ఊరి చెవిని చేశావు. అప్పటినుంచీ పొద్దున్నే లేచి, స్టేషన్ ఏ వార్త చదివిందో ఏ వార్త మింగేసిందో రాసి పంపుతున్నాను. ఒక్క పైసా అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను, పైసా కాదు, సవరణ. సవరణ వేస్తావా, వేరే చెవిని వెతుక్కుంటావా?

ఫోన్ చేయకు. ఫోన్లో అయితే నన్ను నవ్వించి తప్పించుకుంటావు. కాగితం మీద రాయి.

నీ మేనకోడలు (ప్రస్తుతానికి)


ఆఫీసు (సగం), రెండో అంతస్తు

ఒసే టపాకాయా,

‘సగం’ ఎందుకంటే రెండో సగం ఒక టైలరుకు అద్దెకిచ్చాను. మధ్యలో గుడ్డ తెర. నేను వాక్యం మధ్యలో ఆగితే అవతలి నుంచి “ఏం సార్, దారం తెగిందా?” అని పలకరిస్తాడు. మంచివాడే. ఒకప్పుడు ఇక్కడ పనిచేసిన వాళ్లలో సగం మంది కంటే నయం.

సైటులో అచ్చవడమేమిటే? ప్రెస్ బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు.

నువ్వు చూసిన ‘వినికిడి’ వేరు. ఫలానా ఊళ్లో రీడరుకు గొంతు బొంగురుపోయిందని రాస్తే, సాయంత్రానికల్లా ఎవరెవరో ఏ మందు వాడాలో చెబుతూ ఉత్తరాలు రాసేవాళ్లు. ఫలానా స్టేషన్‌లో మైకు గరగరమంటోందంటే ఇంకో ఊరి టెక్నీషియన్ బస్సెక్కి వెళ్లి బాగుచేసి వచ్చేవాడు. వాళ్ల గురించి వాళ్లే చదువుకునేవాళ్లు, అందుకే సొంత డబ్బుతో చందా కట్టేవాళ్లు. తర్వాత ఒక్కో స్టేషన్‌లో ఒక్కో కుర్చీ ఖాళీ అయింది. కుర్చీ ఖాళీ చేసినవాడికి ఇక మన సైటుతో పనేముంది? స్టేషన్లన్నీ ఆ ఒక్క కంపెనీ కిందికి వెళ్లాయి. ఇప్పుడు చందాదారుల పేర్లు చూస్తే ఒకే ఇంటి కిటికీలన్నీ లెక్కపెట్టినట్టుంది. ఏ కిటికీలోంచి తొంగిచూసినా అదే మొహం.

ఇక నీ ప్రశ్నకు జవాబు. సవరణ వేయను. కారణం చెప్పను. కంపెనీకి భయపడ్డావు అంటావు, అనుకో. నాకు భయమే లేదని బడాయికి పోను. కానీ ఆ నాలుగు లైన్లకు కారణం భయం కాదు. ఇంతకుమించి గుచ్చి గుచ్చి అడగకు.

వార్తలక్క ఇంటికి ఊరేగింపుగా వెళ్లి ఆవిడను ఇబ్బంది పెట్టకు. నువ్వు ఒక్కదానివే వెళ్లినా అది ఊరేగింపే.

మావయ్య


ప్రెస్ వెనక గది,
ముసురు పట్టిన రోజు

మావయ్యా,

వద్దన్న చోటికే వెళ్లాను. కోపంతో కాదు, సంతోషంతో. ఆవిడ సెలవులో ఉందంటూ వార్తల వేళ ఇన్నాళ్లూ పాటలు వేశారు కదా, శనివారం పొద్దున ప్రెస్ తలుపు తీస్తుంటే ఎదురు కొట్టు రేడియోలోంచి వార్తలక్క గొంతు వినిపించింది. మళ్లీ పనిలోకి తీసుకున్నారనుకున్నాను. “గెలిచాం!” అని నడిరోడ్డు మీద అరిచాను. కొట్టతను, “ఏం గెలిచావమ్మా, లాటరీనా?” అన్నాడు. సైకిలెక్కి వాళ్ల వీధికి తొక్కాను, ఆవిడ ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో కూర్చుని ఉందామని. ఎవరైనా లోపలుంటే ముందే చెబుదామని తలుపు కొట్టాను.

వార్తలక్కే తీసింది.

మోచేతుల దాకా సబ్బు నురగ. వెనక వంటింటి కిటికీలోంచి పక్కింటి రేడియో వినిపిస్తోంది. అందులో ఆవిడే వాతావరణం చదువుతోంది. నా ఎదురుగా ఆవిడే నోరు మూసుకుని నిలబడింది. నేను గుమ్మం మీంచి రెండడుగులు వెనక్కి వేశాను.

“బెదిరిపోకు, బతికే ఉన్నాను. లోపలికి రా” అంది.

“అక్కా, రేడియోలో...”

“నేనే. నేను కాదు కూడా. చెవివి కదా, బాగా విను. ఊపిరి వినిపిస్తోందా?”

విన్నాను. లేదు. అంకె చదివే ముందు వార్తలక్క చిన్నగా ఊపిరి పీల్చుకుంటుంది, ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. రేడియోలోని గొంతు అంకెల మీదుగా ఆగకుండా నడిచి వెళ్లిపోయింది.

పోయిన వేసవిలో కంపెనీ మేనేజరు, మేం కోటుబాబు అనే వాడు, వచ్చాడట. ప్రకటనల మధ్య వాడుకోవడానికి కొన్ని మాటలు కావాలన్నాడట. వీధుల పేర్లు, నెలలు, అంకెలు, తెరిచి ఉంది, మూసి ఉంది, వాన, ఎండ. ఒక్కోటి ఒక్కసారి చదివితే చాలన్నాడట. మన వార్తలక్క అలా ఊరుకునే మనిషేనా? వాక్యం మొదట్లో వచ్చే మాటను ఎత్తి చదవాలి, మధ్యలో వచ్చేదాన్ని సాపుగా, చివర వచ్చేదాన్ని దించి. అందుకని ప్రతి మాటనూ మూడు తీర్లుగా చదివి ఇచ్చింది! “ఒకే తీరున చదివితే అతికించినప్పుడు అసహ్యంగా ఉంటుంది బాబూ అని వాడికి నేనే చెప్పి మరీ చదివాను. సగం పని నాకు చేతకాదే” అని నవ్వింది. ఆ నవ్వు చూడలేకపోయాను.

“మావయ్య మీ గురించి అబద్ధం రాశాడక్కా, నేను వదలను” అన్నాను.

“ఆయన్ని ఏమీ అనకు. నేను రాయమన్నదే రాశారు.”

నువ్వు ఫోన్ చేశావట. “గెంటేశారని రాయకండి సార్, గేటు దగ్గర ఆపేసిన మనిషిని ఇంకో స్టేషన్ పిలుస్తుందా? నేనే మానేశానని రాయండి” అని ఆవిడే బతిమాలిందట. పద్ధతి ప్రకారం ఆ మనిషి నోట విన్నదే రాశావు, ఆ మాట నాకు కూడా చెప్పకుండా దాచావు.

సరే, సగం క్షమాపణ తీసుకో. మిగతా సగం ఇవ్వను. ఆవిడ నోట అబద్ధం పలికించింది కంపెనీ. నీ నాలుగు లైన్లలో ఆ కంపెనీ చేసిన పని ఏమిటి? శుభాకాంక్షలు తెలపడం!

మనిషిని బయటికి గెంటి గొంతును లోపల ఉంచుకోవడాన్ని ఏమంటారు మావయ్యా? ఇన్ని కరపత్రాలు మడతపెట్టాను, దీనికి సరిపోయే మాట ఒక్కదాంట్లోనూ లేదు.

నీ చెవి


ఆఫీసు (సగం), కరెంటు పోయిన సాయంత్రం

ఒసే,

ఇవాళ టపాకాయా అని పిలిచే ఓపిక లేదు. నీ ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచాను, ఎక్కడికి వెళ్లాలో తెలియక మళ్లీ కూర్చున్నాను. టైలరు మిషన్ ఆపి తెర పక్కకు జరిపి చూశాడు.

మూడు తీర్లుగా చదివిందా! పని తెలిసిన ఏ రీడరైనా అదే చేస్తాడే. బద్ధకంగా ఒక్కసారి చదివి పారేసినవాడి గొంతు వాళ్లకు అక్కరకు రాదు. ఎవరు ఒళ్లు దాచుకోకుండా చేశారో వాళ్లే నిలువునా దొరికిపోయారు.

మిగతా ఊళ్ల చెవులకు ఫోన్లు చేశాను. కొందరు మానేసి చాలా కాలమైందట, నేను గమనించనేలేదు. మిగిలినవాళ్లు చెప్పింది మాత్రం ఒకటే కథ: రీడర్లు ఇళ్లలో, గొంతులు రేడియోలో. స్థానిక రేడియో వార్తల గురించి తప్ప ఇంకో ముక్క రాయని సైటు మనది. ఆ సైటుకే ఈ సంగతి తెలియలేదు! ఎందుకో చెప్పనా? నేను కంపెనీ పంపే పత్రికా ప్రకటనలు చదువుతున్నాను, రేడియో వినడం మానేశాను.

కంపెనీకి రాసి అడిగాను. జవాబు వచ్చింది: “రికార్డింగులు సంస్థ ఆస్తి. మీ సైటుతో మా చిరకాల అనుబంధం ఇలాగే కొనసాగుతుందని ఆశిస్తున్నాం.” నన్ను ఇంత మర్యాదగా బెదిరించినవాళ్లు ఇప్పటిదాకా లేరు.

కానీ ఆవిడకు మాట ఇచ్చాను. ఆవిడ ఒప్పుకోకుండా అక్షరం రాయను. నువ్వు వెళ్లి బలవంతం చేయకు. రాసిన రోజే ‘వినికిడి’కి ఆఖరి రోజని కూడా గుర్తుంచుకో. నాకు ఇదొక్కటే తెలుసు, ఇంకో పని రాదు. ఆలోచిస్తున్నాను. తిట్టుకో.

మావయ్య


ప్రెస్ వెనక గది,
నది వీధుల్లోకి వచ్చిన వారం

మావయ్యా,

నువ్వు ఆలోచిస్తూ కూర్చున్నావు. ఈలోపు ఒక మనిషి చెయ్యి విరిగింది.

తెల్లవార్లూ వాన కురిసి వంతెన మీదికి నీళ్లొచ్చాయి. పొద్దున రేడియో ఏం చెప్పిందో తెలుసా? “వంతెన దారి తెరిచే ఉంది.” వార్తలక్క గొంతుతో, చివరి మాట దించి, ఎంతో నింపాదిగా. ముందురోజు ఎక్కడో ఏసీ గదిలో కూర్చుని అతికించిన వార్త అది. కూరగాయల వ్యాన్ డ్రైవరు అది విని బయల్దేరాడు. బండి సగం మునిగాక పైకప్పు ఎక్కి కేకలు వేస్తే తాళ్లు విసిరి లాగారు.

నిన్న మందుల షాపు ముందు, చేతికి కట్టుతో, అతను వార్తలక్కకు ఎదురుపడ్డాడు. నేను పక్కనే ఉన్నాను.

“నువ్వు చెప్పావనే కదమ్మా వెళ్లాను!”

“నేను చెప్పలేదు బాబూ, నేను అక్కడ లేను.”

“మరి మా అమ్మ చెప్పిందా? నా పెళ్లి కాకముందు నుంచీ నీ మాట విని బండి తీస్తున్నాను. నీ గొంతు నాకు తెలియదా?”

“గొంతు నాదే బాబూ, కానీ...”

“అదిగో, ఒప్పుకుంది!”

జనం మూగారు. గుంపులో ఒకామె, “రేడియోలో అంత ధీమాగా చెబుతుందా, ఇక్కడ చూడు ఎలా నసుగుతోందో” అంది. నేను ఉండబట్టలేక, “ఆవిడను గెంటేసి నెలలయింది!” అని అరిచాను. “ఎవరు చెప్పారు? పొద్దున కూడా విన్నాంగా” అన్నారు.

ఎవరు చెప్పారు! చెప్పాల్సింది నువ్వు. ఆవిడ పని మానేసిందన్న ముక్కనైనా ఊరు ఎరగదు, ఎందుకంటే దాన్ని తాళం వేసిన పేజీలో పెట్టావు. తాళం లోపల కంపెనీ దర్జాగా కూర్చుని ఉంది. బయట వానలో మేమున్నాం. వార్త ఎవరికి అవసరమో వాళ్లకు తప్ప అందరికీ అందుతోంది!

వార్తలక్క నాతో ప్రెస్‌కు వచ్చి కాగితాల కట్ట మీద కూలబడింది. నీళ్లిస్తే తాగలేదు. గ్లాసు పక్కన పెట్టి ఇలా అంది.

“నేను చదివిన వార్త తప్పని తేలితే మర్నాడు నేనే చదివి సరిదిద్దుకునేదాన్ని. ఇప్పుడు ఎక్కడ కూర్చుని సరిదిద్దను? మీ మావయ్యకు రాయి. నాకిచ్చిన మాట తిరిగి తీసేసుకోమను. గేటు దగ్గర ఆపారని, సామాను సంచిలో వేసి ఇచ్చారని, అన్నీ రాయమను. ఇంకో స్టేషన్ పిలవకపోతే పోనీ. నా నోటితో ఇంకో మనిషిని నీళ్లలోకి పంపితే నేను తట్టుకోలేను.”

నువ్వు అడిగిన ఒప్పుకోలు ఇదిగో. ఇక ఆలోచన చాలించి రాయి. రాసి ఆ తాళం తీయి.

నీ మేనకోడలు


ఆఫీసు (ఇక మొత్తం టైలరుదే)

టపాకాయా,

రాశాను. పెట్టేముందు వార్తలక్కకు ఫోన్లో చదివి వినిపించాను. “ఇక్కడ కాస్త ఆగండి సార్, ఇది దించి చదవండి” అని నాకే పాఠం చెప్పింది. పొద్దున పెట్టాను. భోజనాల వేళకు కంపెనీ తన స్టేషన్ల చందాలన్నీ రద్దు చేసింది. ఇల్లే ఖాళీ అయ్యాక తాళమెందుకని తీసేశాను. పాత పేజీలు కూడా అన్నీ తెరిచాను. ఏ ఊళ్లో ఎవరు మొదటిసారి మైకు ముందు కూర్చున్నారో, ఎవరు వరదల్లో స్టేషన్ వదలకుండా వార్తలు చదివారో, ఎవరైనా చూసుకోవచ్చు. నెలాఖరు దాకా ఉంటుంది, ఆ తర్వాత సర్వరు వాళ్లు ఆపేస్తారు.

ఏడ్చావా అని అడుగుతావు. లేదే, కోపం వచ్చింది. ఎన్నాళ్ల తర్వాతో! కాలం మారింది, జనం చదవడం లేదు, మన పని పడిపోయింది అనుకుంటూ వచ్చాను. పడిపోలేదు, పడగొట్టారు. వార్తలు చదివేవాళ్లను ఒక్కొక్కరినే తీసేస్తూ పోతే వాళ్ల గురించి చదివేవాళ్లు ఎక్కడినుంచి వస్తారు? పాఠకులు తగ్గుతున్నారని దిగులుపడ్డాను తప్ప, ఆ తగ్గినవాళ్లు ఏమయ్యారని ఒక్కరికీ ఫోన్ చేయలేదు.

టైలరు తన ఫోన్లో ఆ వ్యాసం చదివి, “ఇలాంటివి రోజూ రాయొచ్చుగా సార్, నేనే చందా కట్టేవాణ్ని” అన్నాడు. ఇప్పుడా చెప్పేది అన్నాను.

చివరి పేజీ నీది. ఒక్క ముక్క కోయను. పెద్ద పెద్ద మాటలు మాత్రం తగ్గించు. ‘గుత్తాధిపత్య దుష్టకూటమి’ అని మొదలుపెడితే వ్యాన్ డ్రైవరు రెండో లైను దాకా రాడు. ఏం జరిగిందో చెప్పు, ఎక్కడికి రావాలో చెప్పు. నేను బస్సెక్కుతున్నాను. మీ అమ్మతో నాకు పక్క వేసి ఉంచమను.

మావయ్య


‘వినికిడి’ చివరి పేజీ.
తాళం లేదు, అందరూ చదవొచ్చు.

చందా కట్టినవాళ్లకూ, కట్టనివాళ్లకూ,

నేను ఈ సైటుకు మా ఊరి చెవిని. ప్రెస్‌లో కరపత్రాలు మడతపెట్టేదాన్ని. ఇదే పేజీ కాగితం మీద కూడా మీ గుమ్మాల్లో పడుతుంది, ఎందుకంటే అందరి దగ్గరా ఫోన్లు ఉండవు, రేడియోలు మాత్రం ఉన్నాయి.

వార్తలక్కను గేటు దగ్గర ఆపేశారని, ఆవిడ పాత రికార్డింగులు అతికించి మీకు వార్తలు వినిపిస్తున్నారని ఈ సైటు నడిపే మా మావయ్య రాసింది చదివారు. చాలామంది నమ్మారు. నిన్న పొద్దున రేడియో దానికి జవాబు చెప్పింది. ఎవరి గొంతుతో చెప్పింది? ఆవిడ గొంతుతోనే! “నేను మీ న్యూస్‌రీడర్‌ను. నేను ఎక్కడికీ వెళ్లలేదు. వదంతులు నమ్మకండి.”

ఆ మాటలు వస్తున్నప్పుడు వార్తలక్క మా ప్రెస్‌లో, నా పక్కన, కాగితాలు మడతపెడుతోంది. ఆవిడ గురించి ఆవిడ గొంతే అబద్ధం చెబుతుంటే ఆవిడే కూర్చుని వినాల్సి వచ్చింది. చేతిలో కాగితం నలిగిపోయింది. “‘వదంతులు’ అన్న మాట నేను వాళ్లకు చదివి ఇవ్వనేలేదే” అంది. ఇచ్చిన మాటలు అతికించడంతో ఆగలేదు, ఇవ్వని మాటలు కూడా ఆ గొంతుతో పుట్టిస్తున్నారు. ఇక వాళ్లు ఏమైనా చెప్పించగలరు. నది తగ్గిందని చెప్పించగలరు. నీళ్లు మంచివే తాగండని చెప్పించగలరు. మనం నమ్ముతాం, ఎందుకంటే ఆ గొంతు మనల్ని ఎప్పుడూ మోసం చేయలేదు. వాళ్లు దొంగిలించింది గొంతు ఒక్కటే కాదు, మన నమ్మకం కూడా.

కోర్టుకు వెళ్లమని కొందరు చెప్పారు. వెళ్తాం. కానీ అక్కడ తేలేదాకా రోజూ పొద్దున ఆ గొంతు మోగుతూనే ఉంటుంది. అందుకని మీరే వచ్చి చూడండి.

ఈ ఆదివారం, పొద్దున ఏడు గంటల వార్తల వేళకు, స్టేషన్ గేటు ముందుకు రండి. ఇంట్లో ఉన్న రేడియో పట్టుకుని రండి. వ్యాన్ డ్రైవరు తన బండిలోది ఊడదీసి తెస్తున్నాడు. మందుల షాపు ముందు అరిచిన ఆ మనిషే ఇప్పుడు ఇంటింటికీ తిరిగి ఈ సంగతి చెబుతున్నాడు. మావయ్య వస్తున్నాడు. పక్క ఊళ్ల నుంచి గొంతులు పోగొట్టుకున్న రీడర్లు వస్తున్నారు.

వార్తలక్క గేటు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఏడు కాగానే అందరూ రేడియోలు పెట్టండి. చెవులు రేడియో మీద పెట్టండి, కళ్లు ఆవిడ పెదాల మీద పెట్టండి. రేడియో మాట్లాడుతుంది, ఆవిడ మాట్లాడదు. కోటుబాబు మేడ మీద నుంచి చూస్తే చూడనివ్వండి. ఒకవేళ మనం వస్తున్నామని తెలిసి ఆ రోజు ఆ గొంతు వేయకపోతే, వేయలేదన్న సంగతి కూడా చెవులారా వినండి. అంతకంటే పెద్ద ఒప్పుకోలు వాళ్ల నుంచి రాదు.

వార్తలు అయిపోయాక రేడియోలు కట్టేయండి. అప్పుడు వార్తలక్క లేచి, వంతెన సంగతితో మొదలుపెట్టి, ఆ రోజు వార్తలు తానే చదువుతుంది. మైకు ఉండదు. కాబట్టి దూరంగా నిలబడకండి, దగ్గరికి రండి. ఆదివారం, పొద్దున ఏడింటికి, స్టేషన్ గేటు ముందు.